కూర్చుంటే వచ్చే నొప్పి

జులై 9, మంగళవారం. ఉదయం ఏడుంబావు. ఎల్బీ నగర్‌లో మా ఇల్లు, మధ్య గది. ఉన్నవారు: నేను, నా భార్య, మా అమ్మాయి, తుర్కయంజాల్ నుంచి వచ్చిన మా వియ్యపురాలు, నాలుగు రోజుల మనవరాలు. అల్లుడు బస్సు డిపోలో డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. దాని కింద నేను రాసిన మొదటి వాక్యం: "అమ్మాయి ఓర్చుకోలేకపోతోంది." ఆ వాక్యం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అంతకుముందు శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో లైను పక్కనున్న ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. వెన్నులో మత్తు సూది వేసి నడుము కిందిభాగం మాత్రం మొద్దుబారేట్టు చేశారు. అమ్మాయి మెలకువగానే ఉండి బిడ్డ మొదటి ఏడుపు విన్నది. అంతా బాగుందనుకున్నాం. శనివారం సాయంత్రం లేపి కూర్చోబెట్టగానే రెండు చేతులతో తల పట్టుకుంది. మెడ వెనక నుంచి నుదుటిదాకా ఎవరో లోపల పట్టి లాగుతున్నట్టుందని చెప్పింది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గుమ్మంలోంచే విని, "నిద్ర లేదు కదా అంకుల్, అందుకే" అన్నాడు. సోమవారం నొప్పి మాత్రలు రాసి ఇంటికి పంపేశారు.

ఇంటికి వచ్చాక వైద్యం ఆడవాళ్ళ చేతికి వెళ్ళింది. మాది కృష్ణా జిల్లా, వియ్యాలవారిది నల్గొండ వైపు. పెళ్ళి పందిరి నుంచి పులుసులో బెల్లం దాకా నా భార్యకూ వియ్యపురాలికీ ఒక్క విషయంలోనూ కుదరలేదు. ఇక్కడ మాత్రం కుదిరింది. తలకు గాలి పట్టిందని ఇద్దరూ తేల్చారు. చెవుల్లో దూది కుక్కారు. నా కండువా తీసి తలకు బిగించారు. బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని రోజుకు రెండు గ్లాసులే ఇచ్చారు, అవీ వాము వేసి కాచినవి. వచ్చిన సాయంత్రం నుంచే పీట మీద కూర్చోబెట్టి సాంబ్రాణి పొగ. కూర్చోబెట్టి!

ఆ మంగళవారం పొగ వేస్తుండగా అమ్మాయి పీట మీదే వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయింది. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాం. కాసేపటికి ముఖం తేటపడింది. బిడ్డను పక్కన వేయమని చేయి చాపింది.

వియ్యపురాలు పొగ పళ్ళెం కింద పెట్టింది. "సూసినవా వదినా, పండుకోంగనే నొప్పి మాయం! కూసుంటే ఒస్తదంట, పండుకుంటే పోతదంట. గిదేం నొప్పి? గిసుంటిది నాకు గూడ ఒస్తే మంచిగుండు, పొయ్యికాడికి పోయే పనుండకపోవు."

నా భార్య కోప్పడాల్సింది. కోప్పడకపోగా నవ్వింది. "ఏం చేస్తాం వదినగారూ, ఇది చిన్నప్పట్నుంచీ నాజూకే."

"నాజూకు కాదమ్మా." అమ్మాయి కళ్ళు మూసుకునే అంది. "పాలివ్వడానికి లేస్తే తల పగిలిపోతోంది. పడుకుని ఇస్తుంటే పాప పట్టుకోవట్లేదు. నిన్నటి నుంచి సరిగ్గా తాగనే లేదు అది. నేనేమన్నా నాటకాలాడుతున్నానా? నాన్నా, నువ్వన్నా చెప్పు."

నేను చెప్పాను. "ఇంకో రెండు రోజులు ఓర్చుకో తల్లీ. నిన్ను కన్నప్పుడు మీ అమ్మ నాలుగో రోజుకల్లా స్టవ్ ముందు నిలబడింది." అమ్మాయి నా ముఖం ఒక్క క్షణం చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను డైరీ తెచ్చుకుని, తారీఖు వేసి, ఉన్నవారిని రాసి, ఆ వాక్యం రాశాను. రాశాక వెనకటి పేజీలు తిప్పాను. ముప్పయ్యేళ్ళకు పైగా కరెంటు సబ్‌స్టేషన్‌లో గంట గంటకూ రీడింగులు రాసినవాణ్ణి. ఆ అలవాటుతోనే శనివారం నుంచీ అమ్మాయి సంగతి కూడా రాస్తూ వచ్చాను. టైము, ఏం తిన్నది, ఎలా ఉన్నది. 5.40 కూర్చుంది, తలనొప్పి. 5.55 పడుకుంది, లేదు. 8.10 బాత్రూమ్‌కు లేచింది, తలనొప్పి. 8.25 పడుకుంది, లేదు. నాలుగు పేజీలూ వేలు పెట్టి చదివాను. ఒక్కసారి కూడా తప్పలేదు. మా దగ్గర నుంచి కాలనీలకు కరెంటు వెళ్ళే లైనును ఫీడరంటాం. లోడు వేసినప్పుడల్లా ఫీడరు పడిపోయి కరెంటు ఆగిపోతుంటే, లోడు తీయగానే బాగుంటుంటే, నాజూకు ఫీడరని మేమెవరమూ నవ్వలేదు. ఎక్కడో లోపం ఉందని లైను వెంట నడిచి వెతికేవాళ్ళం. కరెంటు తీగకు చేసిన ఆ పాటి న్యాయం కన్నకూతురికి చేయలేదు.

"ఆటోలు పిలుస్తున్నాను. అమ్మాయిని పడుకోబెట్టే తీసుకెళ్తున్నాం" అన్నాను.

మొదటి ఆటోలో అమ్మాయి తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకుంది. రెండో దాంట్లో బిడ్డను ఎత్తుకున్న వియ్యపురాలు, నేను. "గట్ల పండవెట్టి తీస్కపోతుంటే సూసెటోళ్ళు ఏమనుకుంటరన్నా?" అన్నది ఆమె. చైతన్యపురి దాటేదాకా నేను ముందున్న ఆటోనే చూస్తూ కూర్చున్నాను.

నర్సింగ్ హోమ్ కౌంటర్‌లో ఉన్న పిల్ల తలెత్తలేదు. "టోకెన్ తీస్కొని కూసోండి సార్."

"కూర్చోలేకే వచ్చిందమ్మా!" అని అరిచాను. హాలంతా తిరిగి చూసింది. వరసగా ఉన్న స్టీలు కుర్చీల మీద అమ్మాయిని పడుకోబెట్టాం. "జర లేపుండ్రి పెద్దాయనా, పేషెంట్లు కూసోవాలె" అన్నాడొకాయన. "ఇదీ పేషెంటే" అన్నాను. నొప్పి మొదలైంది వెన్నులో మత్తు సూది పడ్డాకే కనుక, అది వేసిన డాక్టరు ఎవరని అడిగాను. ఆయన ఇక్కడివాడు కాదట, ఆపరేషన్లున్నప్పుడే వస్తాడట. ఇప్పుడు లోపలే ఒక ఆపరేషన్‌లో ఉన్నాడట. అయితే వచ్చేదాకా కదలనన్నాను.

గంట తర్వాత ఆకుపచ్చ బట్టల్లో వచ్చాడు. కుర్చీల పక్కన గొంతుకూర్చుని అమ్మాయిని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పడుకుంటే తగ్గుతుందామ్మా?"

నాలుగు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అమ్మాయి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోని దూదిలోకి కారాయి. నేను డైరీ చేతికిచ్చాను. చదివి, చేతులూ కాళ్ళూ కదిలించి చూసి, జ్వరం ఉందా, చూపు మసకగా ఉందా అని అడిగి, లేచాడు.

"వెన్నుపాము చుట్టూ ఒక పొర, అందులో నీరు ఉంటుంది సార్. సూది దిగిన చోట చిల్లు పూడకపోతే ఆ నీరు బయటికి కారుతుంది. లేచి కూర్చుంటే మెదడు కిందికి లాగినట్టై నొప్పి వస్తుంది. ఇది మాకు తెలిసిందే. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఇంత ఎక్కువుంటే మాత్రం ఊరుకోకూడదు. నీళ్ళు బాగా తాగుతోందా?"

డైరీ అందుకుని నిన్నటి పేజీ చూపించాను. "రెండు గ్లాసులు" అని నా డైరీ చెప్పింది.

"తెలిసిందే అయితే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఆపరేషన్ ముందు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది సార్."

ఫైలు తెప్పించాను. చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఎక్కడో తలనొప్పి అన్న మాట, అన్నిటికీ కింద నా సంతకం. ఆ రోజు అల్లుడు వచ్చేలోపు తొందరగా పెట్టమంటే పెట్టాను. షిఫ్టు రిజిస్టరు మీద ఏనాడూ చదవకుండా సంతకం చేయనివాణ్ణి.

ఆయన ఫైలు మూసి, "కాగితంలో ఉన్నంత మాత్రాన చెప్పినట్టు కాదు సార్. నొప్పన్న రోజే నాకు ఫోన్ చేయాల్సింది. ఎవరూ చేయలేదు" అన్నాడు. ఆ మాట వల్ల నా కోపం తగ్గలేదు. కాకపోతే ఆ నాలుగు రోజుల్లో తప్పును తప్పన్న మనిషి ఆయనొక్కడే.

మధ్యాహ్నం అమ్మాయి చేతిలోంచే కొంచెం రక్తం తీసి, వెన్నులో పాత సూది దిగిన చోట ఎక్కించారు. అది గడ్డకట్టి చిల్లును మూస్తుందట. సాయంత్రం దాకా పడుకోబెట్టి పంపారు. ఆ రోజుకు లేపొద్దన్నారు. ఎవరమూ లేపలేదు.

బుధవారం ఉదయం ఆరూ నలభైకి అమ్మాయి తనంతట తానే లేచి కూర్చుంది. గోడకు ఆనుకుని బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. మేం ముగ్గురం గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కండువా మంచం కింద పడి ఉంది. బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు మాకు వినిపిస్తోంది.

వియ్యపురాలు లోపలికి వెళ్ళి చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. వాము లేదు, కాచలేదు. "తాగు బిడ్డా."

"పొట్ట జారుతదేమో అత్తమ్మా."

"జారితే జారనియ్యి. నోర్మూస్కొని తాగు."

అమ్మాయి సగం చెంబు తాగి నా వైపు చూసింది. "రాసుకున్నావా నాన్నా?"

సబ్‌స్టేషన్‌లో తప్పు రీడింగును చెరపకూడదు. కింది అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన పొడి సంతకం పెట్టాలి. తప్పు ఎవరు రాశారో తర్వాతివాళ్ళకు తెలియాలి. మంగళవారం నాటి వాక్యం మీద ఒక గీత కొట్టి సంతకం పెట్టాను. తర్వాతి పేజీలో రాశాను: 6.40. కూర్చుంది. లేదు.