శుక్రవారం రాత్రి మూడింటికి

మంచు పడబోతోందని ఎవరైనా సంబరంగా చెబితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ముందు చెప్పినవాళ్ళ మీద, ఆ వెంటనే నా మీద. అమెరికాలో మా మోరిస్‌విల్‌లో ఆ సంబరం అందరికంటే ఎక్కువ చేసిన మనిషిని నేనే కదా.

మా ఊళ్ళో మంచు అంత తేలిగ్గా పడదు. ఉత్తరాన వాళ్ళకి విసుగొచ్చేంత పడుతుంది. మాకు మాత్రం ఆకాశం నాలుగు రోజులు ఊరించి, చివరికి ఉత్త వాన కురిపించి పోతుంది. అందుకే మాలాంటి పిచ్చివాళ్ళు తయారయ్యారు. పగలంతా ఆఫీసుల్లో కోడ్ రాసుకునే తెలుగువాళ్ళం పాతికమందిమి మంచు కోసమే ఫోన్లో ఒక గ్రూప్ పెట్టుకున్నాం. వాతావరణం లెక్కగట్టే మోడళ్ళు రోజుకి నాలుగుసార్లు కొత్త మ్యాపులు ఇస్తాయి. నాలుగుసార్లూ మేము ఇంటర్ రిజల్ట్స్ రోజున పిల్లల్లా ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం. మా కౌంటీ మీద, అంటే మా జిల్లా మీద, నీలం రంగు ఉంటే పండగ, అది మంచు. గులాబీ రంగు ఉంటే ఏడుపు. గులాబీ అంటే నేల తాకగానే గడ్డకట్టే వాన, ఉత్త ఐస్. పెరట్లో మంచు కొలవడానికి తెల్లరంగు వేసిన చెక్క ఒకటి, దాని పక్కన స్కేలు ఒకటి నాకు ఎప్పుడూ సిద్ధం. ముందుగా మంచు మీద జారే స్లెడ్డు బండి కొంటే మంచు పారిపోతుందని మాకొక నమ్మకం కూడానూ. పెద్ద పెద్ద డిగ్రీలు చేసిన మొహాలు!

గ్రూప్‌లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. మ్యాపు చదవడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన చదివి చెబితే, దాన్ని అందరికీ అర్థమయ్యేలా రాసి పెట్టడం నా పని. ఆ పనితో నాకు బాగా పొగరెక్కింది. మా ఇంట్లో ఎవరైనా ఫోన్లో వెదర్ యాప్ తెరిస్తే లాక్కునేదాన్ని. "ఆ యాప్ ఏడ్చినట్టుంటుంది, నన్నడగండి" అనేదాన్ని. అందరూ నన్నే అడగడం అలవాటు చేసుకున్నారు.

మా అక్క నాకు నాలుగు వీధుల అవతల, ఒక అపార్ట్‌మెంట్‌లో కాలేజీ చదివే కూతురితో ఉంటుంది. బావ ఉద్యోగం మిషిగన్‌లో, నెలకోసారి వచ్చిపోతాడు. అక్కకి మూడేళ్ళుగా డయాలసిస్. మంగళవారం, గురువారం, శనివారం వెళ్ళి, నాలుగేసి గంటలు కుర్చీలో కూర్చుని చేతికి గొట్టాలు పెట్టించుకోవాలి. ఒక్కసారి తప్పితే ఒంట్లో నీరు నిలిచిపోతుంది, ఊపిరాడదు, గుండె మీదకి వస్తుంది. ఇది మా ఇంట్లో చిన్నాపెద్దా అందరికీ తెలుసు.

మంగళవారాలు అక్కని నేనే దింపేదాన్ని. దారి పొడుగునా మంచు కబుర్లే. కాళ్ళకింద ఎలా కరకరలాడుతుందో, ఊరంతా ఎలా సద్దుమణుగుతుందో చెబుతుంటే బాపట్ల ఎండల్లో నాతో పెరిగి, ఇక్కడా వేడి ఊళ్ళలోనే కాపురమున్న మనిషి నోరు తెరుచుకుని వినేది. డయాలసిస్ గదికి కిటికీ లేదు. పోయినసారి ఇక్కడ కాస్త మంచు పడినప్పుడు అక్క ఆ గదిలోనే ఉంది. బయటికొచ్చేసరికి రోడ్డు పక్కన బురద మిగిలింది.

ఈసారి శీతాకాలంలో పది రోజుల ముందు నుంచే మ్యాపులు నీలంగా వచ్చాయి. "అక్కా, ఈపాలి పక్కా పడ్తది, రాస్కోండి" అని గ్రూప్‌లో నాకు పెట్టాడు కరీంనగర్ ఆయన. ఇక చూస్కోండి మా వీరంగం. ఇండియన్ స్టోర్లో పెరుగు డబ్బాలు, ఇడ్లీ పిండి, కొత్తిమీర ఖాళీ. బుధవారం డయాలసిస్ సెంటర్ వాళ్ళు అక్క ఇంటికి ఫోన్ చేశారు. వారాంతంలో రోడ్లు పాడవ్వొచ్చు, శనివారం వాళ్ళు కావాలంటే శుక్రవారమే రావచ్చు, గురువారం మధ్యాహ్నంలోగా చెప్పండి అని. అక్క కూతురు వెంటనే నాకు మెసేజ్ పెట్టింది, స్నో ఎప్పుడు స్టార్ట్ అవుతుంది పిన్నీ అని.

నేను అప్పుడే వచ్చిన కొత్త మ్యాపు చూస్తున్నాను. ఎందుకు అడుగుతున్నావే అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. "ఫ్రైడే రాత్రి మూడింటికి" అని ఒక ముక్క కొట్టి, మళ్ళీ మ్యాపులో తల దూర్చాను.

మనకి తెల్లవారేదాకా రోజు మారదు. శుక్రవారం పడుకుంటే, మధ్యలో ఎప్పుడు మెలకువ వచ్చినా అది శుక్రవారం రాత్రే. అమెరికాలో పుట్టిన పిల్లకి పన్నెండు దాటితే కొత్త రోజు. దాని లెక్కలో ఫ్రైడే, రాత్రి, మూడు అంటే ఫ్రైడే త్రీ ఏఎం. అదే కేలెండర్‌లో పెట్టుకుంది. శుక్రవారం తెల్లారకముందే మంచు మొదలైతే ఆ రోజంతా రోడ్లు బాగుండవు, శనివారానికి శుభ్రం చేసేస్తారు అనుకుంది. సెంటర్‌కి ఫోన్ చేసి, మాకు శుక్రవారం వద్దు, శనివారమే వస్తామని చెప్పేసింది. దాని తప్పేముంది? తప్పంతా నాదే, నా నాలుక పీకెయ్యాలి.

శుక్రవారం మధ్యాహ్నం అది ఫోన్ చేసింది. బయట ఎండ కాస్తోంది.

"పిన్నీ, నీ స్నో ఏది? రోడ్స్ అన్నీ డ్రైగా ఉన్నాయ్."

"అప్పుడే ఎక్కడే? రాత్రికి కదా."

"బట్ నువ్వు ఫ్రైడే త్రీ అన్నావ్. అది అయిపోయింది కదా?"

"అయిపోవడమేంటే? రేపు తెల్లవారుజామున."

చిన్న గొంతుతో, "అమ్మ డయాలసిస్ రేపు, పిన్నీ. టుడే స్లాట్ నేను వద్దన్నాను" అంది. సెంటర్‌కి ఫోన్ చేశాను. కుర్చీలన్నీ నిండిపోయాయన్నారు. బతిమాలాను, అరిచాను కూడా. ఎవరైనా రాకపోతే పిలుస్తామన్నారు, పిలవలేదు. అక్కడికి వెళ్ళి నిలబడినా అదే మాట. ఇంకో గంటలో గ్రూప్‌లో నూట యాభై మెసేజ్‌లు. నీలం, గులాబీ, ఎన్ని ఇంచులు, ఎవరి పెరట్లో ముందు. చదువుతుంటే ఒక్కొక్కళ్ళనీ చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది.

శనివారం లేచేసరికి మంచు లేదు. గులాబీ రంగే గెలిచింది. చెట్టూ, కారూ, మెట్లూ అన్నీ ఐస్ తొడుక్కుని మెరుస్తున్నాయి. సెంటర్ మూసేశామని, సోమవారం రమ్మని మెసేజ్ వచ్చింది. గురువారం నుంచి సోమవారం దాకా! రోడ్డు మీద అడుగేస్తే జారుతోంది. పచ్చిక మీద నడుస్తూ, కంచెలు పట్టుకుంటూ నాలుగు వీధులకి గంట పట్టించి అక్క ఇంటికి చేరాను. అక్క కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. అప్పటికే పాదాలు ఉబ్బాయి. నీళ్ళు గుక్కెడు గుక్కెడు కొలిచి ఇచ్చాం. పొటాషియం పెరుగుతుందని అరటిపండు ముట్టనివ్వలేదు.

సరిగ్గా అప్పుడు కరీంనగర్ ఆయన గ్రూప్‌లో పెట్టాడు. "పరువు వోయింది. ఇంచు గూడ రాలే, అంత ఐసే. అక్కా, మీ చెక్క మీద ఎంత కొలిచిన్రు?"

నేను వాయిస్ మెసేజ్ పెట్టాను. "చెక్క తగలెయ్య! మా అక్క ఇక్కడ ఊపిరాడక కూర్చుంది. మీకు ఇంచులు కావాల్సొచ్చాయా? కొలుచుకోండి, నెత్తికెత్తుకుని ఊరేగండి!" ఆయన ఉండేది అక్క అపార్ట్‌మెంట్ల వెనక వరసలోనే. అరగంటకి ఐస్ కరిగించే ఉప్పు సంచి భుజాన వేసుకుని వచ్చి, మెట్ల మీద ఐస్ పగలగొట్టడం మొదలుపెట్టాడు. ఆ మంచితనం చూసి ఆయన మీద ఇంకా కోపమొచ్చింది. తిట్టడానికి కూడా మిగల్చలేదు మహానుభావుడు.

ఆదివారం పొద్దున అక్క పడుకోలేకపోయింది, పడుకుంటే ఊపిరి అందడం లేదు. అంబులెన్స్ పిలిచాం. చక్రాలకి గొలుసులు కట్టుకుని, నత్తలా నడుచుకుంటూ వచ్చింది. ఆయన ఉప్పు చల్లిన మెట్ల మీదుగానే అక్కని దింపారు. ఆసుపత్రిలో వెంటనే మెషీన్‌కి పెట్టారు. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. అక్క కూతురు నా భుజం మీద తలపెట్టి, "నా వల్లే, పిన్నీ" అని వెక్కివెక్కి ఏడ్చింది. "నోర్ముయ్, నీ వల్ల కాదు" అని దాన్ని కూడా కసిరాను. కాఫీ తాగి రమ్మని కిందకి పంపాను.

మధ్యాహ్నానికి అక్క మొహంలోకి రంగొచ్చింది. మంచం పక్కన కూర్చుని, తప్పు నాదే అక్కా, శుక్రవారం రాత్రి అని రాసి చచ్చాను, అది అమెరికా లెక్క వేసుకుంది అని మొత్తం చెప్పాను. అక్క ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"శుక్రవారం రాత్రంటే ఏ రాత్రో నాకు తెలీదటే? నీ మెసేజ్ అది నాకు చదివి వినిపించింది. కేలెండర్‌లో తప్పు పెట్టుకుంటోందని అప్పుడే చూశాను."

కుర్చీలోంచి లేచి అరిచాను. "తెలిసి నోరు మూసుకున్నావా? మతుండే చేశావా ఆ పని? చచ్చిపోయేదానివి!"

"అరవకే, పక్క మంచం వాళ్ళు చూస్తున్నారు" అంది అక్క. గొట్టాలున్న చేతిని కదపకుండా, రెండో చేత్తో దుప్పటి సర్దుకుంది. "మూడేళ్ళు. గురు, శుక్రవారాలు వరసగా ఆ కుర్చీలో కూర్చుంటే శనివారమంతా మంచం మీద పడి ఉంటాను. ఒక్క శనివారం ఆ గదికి పోకుండా, కాస్త ఓపికతో ఇంట్లో కూర్చుని, కిటికీలోంచి మంచు చూద్దామనుకున్నా. పది రోజుల్నించీ నువ్వు అంత బాగా చెబితివి."

పది రోజులు ఊరించింది నేను. కరకరలాడుతుందని చెప్పింది నేను.

"మళ్ళీ ఎప్పుడు పడుతుందే?" అని అడిగింది.

"పడదక్కా" అన్నాను. "ఈ ఊళ్ళో ఇంక మంచు పడదు."

చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. గ్రూప్‌లో కొత్త మ్యాపు వచ్చింది. వచ్చే మంగళవారానికి మా కౌంటీ అంతా నీలం.