ఎనిమిదో ప్రశ్న

మా కంప్యూటర్ సారు పోయారని మొన్న సోమవారం పొద్దున బడి పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద ఆయన ఫొటో. నేను నమ్మలా. ఫోనులో ఫొటో అంటే అంకెల కుప్పేనని, అంకెలు మారిస్తే ముఖమే మారిపోయిద్దని నాకు చెప్పింది ఆయనే. ఎవరన్నా ఆకతాయి చేశాడేమోనని మాచర్లలో ఉన్న ఆయన తమ్ముడికి ఫోన్ చేశా. "నిజమేనమ్మా, తెల్లారుజామున గుండెపోటు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మట్టి ఇస్తాం" అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయా.

నేను అనుమానం మనిషిని. కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే ముల్లు నిలబడేదాకా రెప్ప వెయ్యను. నాతో కాపురం కన్నా కోర్టు బోనులో నిలబడటం సుఖమంటాడు మా ఆయన. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సారుని మా ఊరి నుంచి పంపించేసింది నా అనుమానమే. ఆ మాట ఆయన బతికుండగా నా నోటితో చెప్పలా. చెప్పాలనుకున్న ప్రతిసారీ మాట మార్చేశా. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నా.

మాది గురజాల దగ్గర పల్లె. నాలుగేళ్ల కింద మా హైస్కూలుకి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆయన్నీ పంపారు. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏడాదికేడాది రాసిచ్చే కొలువు. మాచర్లలో రేడియోలు, మిక్సీలు బాగుచేసే సాయిబుగారి కొడుకు. మా మేడ మీద గది అద్దెకిచ్చాం. మొదటి రోజే కొత్త కంప్యూటర్ డబ్బా స్క్రూడ్రైవర్‌తో విప్పి పిల్లల ముందు పెట్టారని మా అమ్మాయి వచ్చి చెప్పింది. బాగున్నదాన్ని విప్పేవాడు ఏం చదువు చెబుతాడని నాకు అప్పుడే మొదలైంది. అడిగితే, "లోపల ఏముందో చూడకుండా పైన బొమ్మకి దండం పెట్టకూడదక్కా" అన్నారు.

ఆయన మెట్లెక్కుతుంటే కుడిచేతి వేళ్లు ముడుచుకుంటా తెరుచుకుంటా ఉండేవి. ఏదో మంత్రం జపిస్తున్నాడనుకున్నా. వారం రోజులు కిటికీలోంచి కనిపెట్టి, ఇక ఉండబట్టలేక అడిగేశా. పకపకా నవ్వారు. "మెట్లు లెక్కపెడుతున్నానక్కా. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, మధ్యవేలు నాలుగు, ఉంగరంవేలు ఎనిమిది, చిటికెనవేలు పదహారు. లేపిన వేళ్లు కలుపుకుంటా పోవటమే. మీ మేడకి ఇన్ని" అని బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు లేపి చూపించారు. పంతొమ్మిది. ఆయన అటు పోగానే నేను మెట్లన్నీ ఎక్కి లెక్కపెట్టుకున్నా. పంతొమ్మిదే. కంప్యూటర్‌కి లేవటం, ముడుచుకోవటం తప్ప ఇంకేం తెలియదంట. ఆ రెంటితోనే అక్షరాలూ, పాటలూ, ఫొటోలూ అన్నీ రాసుకుంటదంట. నేను పదో తరగతి తప్పిన మనిషిని, నాకే అర్థమయ్యేట్టు చెప్పారు.

టీ గ్లాసు కింద పెట్టిన చోటు ఆయనే తుడిచేవారు. మా అమ్మాయి తప్పు చెప్పినా తప్పు అనేవారు కాదు, "ఎట్టా అనుకున్నావో చెప్పమ్మా" అనేవారు. కరెంటు పోయిన రోజున చింతగింజలు పేర్చి పాఠం చెప్పేవారు. గళ్లు గీసి, గింజ ఉన్న గడి ఒకటి, లేని గడి సున్నా. దూరంగా నిలబడి చూస్తే 'అ' కనపడేది.

పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా ఊళ్లో ఎన్నికలంటే మీకు చెప్పక్కర్లేదు. పైవీధి మా వాళ్లది, కిందవీధి అవతలి పార్టీది. ఆ నెలలో పక్కింటికి పంచదారకి పోయినా ఎటు పోయావని అడుగుతారు. సరిగ్గా అప్పుడే సారు తొమ్మిదో తరగతి పిల్లల చేతికి కాయితాలిచ్చి ఇంటింటికీ తిప్పారు. మా అమ్మాయీ తిరిగింది. ఒకరోజు అది స్నానానికి పోయినప్పుడు దాని సంచి తీసి చూశా. ఒక్క పేరు లేదు. పైవీధి, కిందవీధి అని విడివిడిగా రాసి, ఇంటికొక వరస, వరసకి ఎనిమిది అంకెలు, అన్నీ ఒకట్లూ సున్నాలే. పేర్లు లేకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. అప్పుడు చివరంకె చూశా. పైవీధి ఇళ్లన్నింటికీ ఒకటి. కిందవీధి ఇళ్లన్నింటికీ సున్నా.

ఎవరు ఎటు ఓటేస్తారో పిల్లల చేత రాయిస్తున్నాడని తేల్చేసుకున్నా. సారుని అడగొచ్చు, పంతొమ్మిది మెట్ల పైనే ఉన్నారు. అమ్మాయినైనా అడగొచ్చు. అడగలా. కాయితం కొంగులో పెట్టుకుని తిన్నగా మా బావగారింటికి పోయా. ఆయన మాజీ సర్పంచి.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ ఆఫీసు వరండాలోకి సారుని పిలిపించారు. రెండు వీధుల వాళ్లూ మూగారు.

"ఏంది సారూ ఇది? పార్టీల లెక్క రాయిస్తున్నావా పిల్లల చేత?" అన్నారు మా బావగారు.

సారు కాయితం అందుకున్నారు. దాని మూల పచ్చడి నూనె మరక ఉంది, నా చేతిదే. దాని మీద బొటనవేలితో ఒకసారి రుద్ది, తలెత్తి జనంలో నా వంక చూశారు. చూసి, మా బావగారి వైపు తిరిగారు.

"ఇందులో పార్టీ యాడుందండీ?"

"ఆ చివరంకె మాకు కనపడటంలా? మేము ఒకటి, వాళ్లు సున్నా. మేమేమన్నా గుడ్డోళ్లమా?"

"ఒకటంటే ఏందో మీరు అడగలేదు. ప్రశ్న తెలియకుండా జవాబు చదివితే, చదివినవాళ్ల మనసులో ఉందే కనపడిద్దండీ."

అప్పుడు మా అమ్మాయి, నా కడుపున పుట్టిందే, జనాన్ని తోసుకుంటా ముందుకొచ్చి నోటుబుక్కు తెరిచి చదివింది. ఇంట్లో గేదె ఉందా. కుక్క ఉందా. మోటారుసైకిలు ఉందా. బడికి పోయే పిల్లలున్నారా. డెబ్బై దాటినవాళ్లున్నారా. డాబా ఇల్లేనా. ఇంటి ముందు చెట్టుందా. ఎనిమిదో ప్రశ్న, వీధి కుళాయిలో నీళ్లొస్తున్నాయా.

మా బావగారు సర్పంచిగా ఉన్నప్పుడు వేయించిన గొట్టం అది. మా వీధి చివర మలుపు దాకా వచ్చి ఆగింది. అవతల కుళాయిలు పెట్టారు గానీ నీళ్లు వదల్లా. ఇది ఊరందరికీ తెలిసిందే. నాకూ తెలుసు. ఆ నీళ్లతోనే మా గేదెల్ని కడుగుతున్నా. ఒక కాయితం మీద ఎక్కేదాకా అది తప్పని నాకు తట్టలా.

"ఈ ఎనిమిదోది ఎవరు రాయించారు?" అన్నారు మా బావగారు.

"ప్రశ్నలన్నీ నావేనండీ" అన్నారు సారు. అది అబద్ధం. ప్రశ్నలు పిల్లలే తలా ఒకటి చెప్పారనీ, ఎనిమిదోది కిందవీధి పిల్ల చెప్పిందనీ మా అమ్మాయి ఇంటికొచ్చాక ఏడుస్తా చెప్పింది.

బావగారు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చదువు చెప్పుకో సారూ, నీళ్ల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. పదిహేను రోజుల్లో ఆయన్ని పెదకూరపాడు వైపు బడికి వేశారు. దాని వెనక ఎవరున్నారో నన్నడగమాకండి.

తాళంచెవి ఇవ్వటానికి వచ్చినప్పుడు నేను గుమ్మం దాటి బయటికి రాలా. తిడతారేమోననుకున్నా. "అనుమానం చెడ్డది కాదక్కా. అడక్కుండా దాచుకుంటేనే పాడైపోయిద్ది" అని, తాళంచెవి గూట్లో పెట్టి వెళ్లిపోయారు. ఆ తరవాత అమ్మాయి పరీక్షలప్పుడల్లా ఫోన్ చేసేవారు. నేను ఫోన్ తీసుకుని వానలు పడ్డాయా, ఆరోగ్యం ఎట్టా ఉంది అని అడిగి పెట్టేసేదాన్ని.

సోమవారం మాచర్ల పోయి ఆయన భార్య పక్కన కూర్చున్నా. "మీ గురించి చానా చెప్పేవారమ్మా. నా పాఠం బాగా పట్టుకుంది ఆ అక్కే, దేన్నీ ఊరికే నమ్మదు అనేవారు" అంది. ఇంక ఆపుకోలేకపోయా. ఆ కాయితం మా బావగారికి ఇచ్చింది నేనేనని చెప్పేశా. ఆమె కళ్లు తుడుచుకుని, "తెలుసమ్మా. ఆయన ఆ రోజే చెప్పారు" అంది. నా చెయ్యి వదల్లేదు.

నిన్న పొద్దున అమ్మాయి పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని కిందవీధికి పోయా. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆ వీధిలో నాకేం పని పడలా. మొదటి ఇంటామె చేటలో మిరపకాయల తొడిమలు తీస్తా ఉంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"ఏందమ్మా, ఎవరు పంపించారు?"

"ఎవరూ పంపలా. నేనే వచ్చా. మీ కుళాయిలో నీళ్లొస్తున్నాయా?"

"అడిగి ఏం చేస్తావు?"

"రాసుకుంటా. రాసి మండలాఫీసులో ఇస్తా. కింద నా పేరు పెడతా."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. మా బావగారి మరదల్నని తెలుసు. నమ్మలేదు, నేనైనా నమ్మను. ఏమనుకుందో ఏమో లేచి కుళాయి దగ్గరికి పోయి రెండు చేతులతో తిప్పింది. బిగుసుకుపోయి కిర్రుమంది. కాస్త గాలి బుస్సుమంది, తుప్పు పొడి రాలింది. ఆమె కుళాయి కట్టేయలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, నా చేతిలో పెన్ను ఏం గీస్తదోనని చూస్తా నిలబడింది.