మామిడి మానుకు సూది రంధ్రాలు

పురుగుకు పేరు చెప్పడం నా ఉద్యోగం. అదేం ఉద్యోగమో మా ఇంట్లో వాళ్ళకు ఇప్పటికీ అంతుపట్టదు. పేరు తెలిస్తే పురుగు చస్తుందా అని వెక్కిరిస్తారు. పేరు తెలియకపోతే చెట్టు చస్తుందని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఆ వానాకాలం చివర బోథ్ వైపు నుంచి ఒక పెద్దమ్మ, ఆమె కొడుకు మా వ్యవసాయ ఆఫీసుకు వచ్చారు. పాత చీరలో చుట్టి తెచ్చిన మామిడి కొమ్మను నా బల్ల మీద పెట్టారు. కొమ్మ నిండా సూదితో పొడిచినట్టు రంధ్రాలు. వాటిలోంచి సేమ్యా పోగుల్లా పొట్టు బయటికి వచ్చి ఉంది.

"రెండు చెట్లు ఎండినయ్ మేడం. కడమయి గూడ గిట్లనే పోతయంటున్రు. సోమారం మిషిన్ తెచ్చి అన్ని కోసి కాలవెడ్త," అన్నాడు కొడుకు.

"జర ఆగురా! మేడమ్‌ను సూడనీ," అని పెద్దమ్మ కసిరింది. ఆ తోట ఆమె భర్త పెట్టింది. మందమర్రి బొగ్గు బాయిలో చేసి చేసి రిటైరయ్యాక, ఇక మిగిలిన బతుకు చెట్ల కింద గడుపుతానని నాటాడట. ఆ ఏడు వానలు పడకముందే ఆయన పోయాడు.

కొమ్మ చీలిస్తే నువ్వు గింజ కంటే చిన్న పురుగులు దొరికాయి. అంబ్రోసియా పురుగులని చూడగానే తెలిసింది. ఇవి కట్టె తినవు. మానులో సొరంగం తొలిచి, అందులో బూజు పెంచుకొని దాన్ని తింటాయి. వ్యవసాయం చేసే పురుగులన్నమాట! వీటిలో బోలెడు జాతులు, అన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగే ఉంటాయి. ఒక రకం నిండు పచ్చని చెట్టును కూడా పట్టుకుంటుంది. అదైతే కొడుకు అన్నట్టు కోసేయాల్సిందే. ఇంకో రకం ఎక్కువగా అప్పటికే నీరసపడ్డ చెట్టు మీద వాలుతుంది. అదైతే మిగతా తోట దక్కుతుంది.

ఒక పురుగును మైక్రోస్కోపు కింద బోర్లా పెట్టాను. రెక్కలు వెనక కిందికి వాలేచోట మెరుపు ఉందా లేదా, చూడాల్సింది అదే. మెరిస్తే పచ్చని చెట్టును పట్టే రకం. నా వెనక పెద్దమ్మ "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. విసుగొచ్చింది, అంతలోనే పాపం అనిపించింది. మెరుపు లేదు. సన్న ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది. అనుమానం తీరక మరికొన్ని చూశాను, అవీ అంతే. హమ్మయ్య! నీరసపు చెట్టును వెతుక్కునే రకమే.

"ఎండినవి తీసి కాల్చండి. మిగతావి కోయొద్దు," అన్నాను. పెద్దమ్మ అక్కడే ఏడ్చేసింది.

చెట్లకు అసలు నీరసం ఎందుకొచ్చిందో చూద్దామని మర్నాడు వాళ్ళ తోటకు వెళ్ళాను. ప్రతి మాను చుట్టూ మోకాలెత్తు చెరువు మట్టి! మా వైపు ఎండాకాలంలో చెరువు పూడిక తీసి చేలకు తోలుకుంటారు. చేనుకు అది బలమే. మామిడి మొదలును అంత మందాన పూడిస్తే మాత్రం వాన నీళ్ళు దిగక వేళ్ళకు ఊపిరాడదు. అలాంటి చెట్టు నుంచి సారా వాసన లాంటిది వస్తుంది. ఆ వాసనకే పురుగు వచ్చింది.

"ఈ మట్టి ఎవరు పోశారు?" అని కాస్త కోపంగానే అడిగాను.

"మా ముసలాయనే బిడ్డా," అంది పెద్దమ్మ. "పానం బాగ లేకున్నా తట్టతోని మోసి పోసిండు. గదే ఆయన ఆఖరి పని."

నా కోపమంతా ఎటు పోయిందో! ఆ మట్టి తీసేయమని ఏ నోటితో చెప్పను? చెప్పక తప్పదు కనుక చెప్పాను. ఆమె కొంగు తీసి నడుముకు చెక్కుకుంది.

"పార తేపో," అంది కొడుకుతో. "ఆయన చెట్టు కోసమే పోసిండు. మనం చెట్టు కోసమే తీద్దాం."