బావిలో నేర్చిన పడవ విద్య

నా జీవితంలోకెల్లా సాహసోపేతమైన ప్రయాణం పొడవు సుమారు రెండు వందల గజాలు. దానికోసం మూడు నెలలు సాధన చేశాను, నెల రోజులు సెలవు పెట్టాను, కట్టుకున్న భార్య చేత కన్నీళ్లు పెట్టించాను. ఆ ఘనకార్యం ఎలా గంగలో కలిసిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

అవి ఎనభైల తొలి రోజులు. జహీరాబాద్‌లో ఒక బడిలో భూగోళం పాఠాలు చెప్పేవాణ్ణి. వయసు ఇరవై ఆరు, గర్వం అరవై మందికి సరిపడా. ఒక పాత ఇంగ్లీషు పత్రికలో ఎవరో దొర కయాక్ అనే సన్నటి పడవలో నడుము దాకా దిగి కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న ఒకే తెడ్డుతో ఒంటరిగా నది మీద పోతున్న ఫోటో చూశాను. ఇంకేముంది, మంజీరలో దిగి, గోదావరిలో కలిసి, భద్రాచలం దాకా నేనూ అలాగే వెళ్తానని ఆ మధ్యాహ్నమే స్టాఫ్ రూములో ప్రకటించాను. అప్పటికి నాకు పడవ లేదు, పడవ ఎక్కిన అనుభవమూ లేదు. దారిలోని ఆనకట్టలు మ్యాపులో వెంట్రుకంత గీతల్లా ఉన్నాయి కాబట్టి వాటిని లెక్కచేయలేదు.

హైవే పక్కన లారీల సరుకు మీద కప్పే తాటిపత్రులు కుట్టే ఖాజా భాయ్‌ని పట్టుకున్నాను. వెదురు బద్దల చట్రానికి తాటిపత్రి బిగించి, తారు పూసి, పడవలాంటిది ఒకటి తయారుచేశాడు. చూడటానికి అది నిద్రపోతున్న దున్నపోతులా ఉండేది. నీళ్లలో తేలుతుందా అని అడిగితే ఆయన చాలా నిజాయితీగా జవాబిచ్చాడు. "వాన నీళ్లు లోపలికి రాకుండ కుట్టుడు నాకెరుక సారూ. కింది నీళ్ల సంగతి మీరే చూసుకోవాలె."

ఇక సాధన. మంజీర దూరం. మొగుడంపల్లిలో అల్లం పండించే నర్సింలు నాకు తెలిసినవాడు. అతని చేలో మెట్లున్న పెద్ద రాతి బావి ఉంది. ప్రతి ఆదివారం అందులో పడవ దించేవాణ్ణి. నర్సింలు నా నడుముకు తాడు కట్టి, రెండో కొస పట్టుకుని గట్టున కూర్చునేవాడు. ఎంత పెద్దదైనా బావి బావే కదా, రెండుసార్లు తెడ్డు వేస్తే ఎదురుగా గోడ వచ్చేది. అందుకని కుడివైపు మాత్రమే తెడ్డు వేస్తూ గుండ్రంగా తిరగడంలో ఆరితేరాను. చివరి ఆదివారం ఒక్కసారీ గోడకు తగలకుండా యాభై చుట్లు తిరిగాను. నర్సింలు తాడు చుడుతూ, నది కూడా గుండ్రంగానే ఉంటుందా అని అడిగాడు. చదువుకోనివాడి సందేహమని నవ్వి వదిలేశాను.

వానలు తగ్గాక బయలుదేరే రోజు వచ్చింది. పడవను లారీలో మంజీర ఒడ్డుకు చేర్చాం. తోటి మాస్టర్లు, పూలదండతో హెడ్మాస్టరు, కళ్లు తుడుచుకుంటూ నా భార్య సులోచన, అందరూ వచ్చారు. హెడ్మాస్టరు కళ్లజోడు పెట్టుకుని, నాలుగు కాగితాల వీడ్కోలు ఉపన్యాసం చదవడం మొదలుపెట్టారు. రెండో కాగితంలో ఉండగానే, కూర్చుని చూద్దామని పడవలో దిగాను. నది నన్ను లాగేసింది.

భయంతో చేతులు తమకు వచ్చిన ఒక్క విద్యనే ప్రదర్శించాయి. కుడివైపు తెడ్డు, మళ్లీ కుడివైపు తెడ్డు. పడవ గిర్రున తిరిగింది. ఒడ్డు, నది, ఒడ్డు, నది. ఒడ్డు వచ్చిన ప్రతిసారీ సులోచన మొహం కనిపించేది. మొదటిసారి ఏడుస్తోంది. రెండోసారి ఆశ్చర్యపోతోంది. మూడోసారి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమయ్యా, సీదా పోవుడు రాదా?" అని ఆవిడ కొంగు తీసి అడిగిన మాట నీళ్ల మీదుగా స్పష్టంగా వినిపించింది.

అలా తిరుగుతూ తిరుగుతూ అదే ఒడ్డున, కాస్త దిగువన, నీళ్లలో పడుకున్న బర్రెల మందలోకి పోయాను. ఒక బర్రె విసుగ్గా లేచి నిలబడింది. దాని వీపు మీదకెక్కిన పడవ బోర్లాపడింది. మునిగిపోతున్నానని చేతులు కాళ్లు కొట్టుకుంటుంటే, బర్రెలు కాసే ముసలాయన వచ్చి చెయ్యిచ్చి నిలబెట్టాడు. నీళ్లు నడుము దాకా ఉన్నాయి.

"ఏడికి పోతున్నవు సారూ?"

"భద్రాచలం," అన్నాను, బురద ఊస్తూ.

ఆయన నవ్వలేదు. జాలిగా చూశాడు. "గట్లయితే జహీరాబాద్ పోయి బస్సెక్కాలె గదా. ఇటెందుకొచ్చినవు?"

పడవను నెత్తిన పెట్టుకుని, ఒంటినిండా బురదతో నడిచి వెనక్కి వచ్చాను. ఒడ్డున అందరూ నవ్వలేక పొట్ట పట్టుకుని కూర్చున్నారు. హెడ్మాస్టరు ఒక్కరే కాగితంలోంచి తలెత్తకుండా నాలుగో పేజీ పూర్తిచేస్తున్నారు. చదవడం అయిపోయాక కళ్లజోడు తీసి, ఎదురుగా నీళ్లు కారుతూ నిలబడ్డ నన్ను చూసి, దండ నా మెడలో వేశారు.

"అప్పుడే వచ్చిన్రా? భద్రాచలంల దర్శనం మంచిగైందా?" అన్నారు.

ఆ క్షణాన, ఆ బురద కాళ్లతోనే, మంజీరమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నీళ్లను గ్లాసులోనో బకెట్లోనో తప్ప కలుసుకోను. నది దాటక తప్పని రోజు వస్తే బస్సులోనే, వంతెన మీదే, కళ్లు గట్టిగా మూసుకుని దాటుతాను.