మా మామ మెచ్చుకుని తెచ్చిన కారు

కాదండీ, కారు కింద పడి కాదు. కారులో పోతూ కూడా కాదు. మా మామ పోయింది ఊళ్లో, మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద నడుం వాల్చి. సెలవు మీద వెళ్లి నెలైనా కాలేదు. ఒమాన్‌లోని సువైక్‌లో మా రూమ్ పక్కనున్న కిరాణా కొట్టు ఫోనుకు కబురొచ్చింది. ఫోను పెట్టేశాక నాకు ముందుగా ఆయన చూపుడు వేలు గుర్తొచ్చింది. తుప్పు పట్టిన ఏదో ఇనుప ముక్కను చూపిస్తూ "జైన్! వాజిద్ జైన్!" అనే వేలు.

జైన్ అంటే బాగుంది. వాజిద్ జైన్ అంటే చాలా బాగుంది. ఒమాన్‌లో అన్నేళ్లుండి మామ నేర్చుకున్న అరబ్బీ దాదాపు అంతే. ఆ రెండు మాటలతోనే ఆయన ఒక కారు కట్టాడు. కట్టాడనే అంటాను, మామ తాపీ మేస్త్రీ కదా.

నన్ను ఇక్కడికి తెచ్చింది ఆయనే. పాస్‌పోర్టులో నాకు ఇరవై రెండు. అసలు వయసు మామకూ మా అమ్మకూ తెలుసు. నాకు చదువు తక్కువ, మాట అంతకన్నా తక్కువ. కొత్త మనిషి కనబడితే సిమెంటు బస్తాల వెనక్కి పోయేవాణ్ని.

"బాగున్నదాన్ని బాగున్నదని అనాలెరా అల్లుడా. నువ్వు అనకుంటె దానికెట్ల తెలుస్తది?" అనేవాడు మామ. కూర కుదిరితే వండినవాణ్ని వదిలేసి కూరతోనే చెప్పేవాడు.

ఒకసారి కంపెనీ మమ్మల్ని ఒక ఖర్జూర తోటకు పంపింది. తోట గల ముసలాయన మేకలకు షెడ్డు కట్టించుకుంటున్నాడు. షెడ్డు రావలసిన చోట పాతకాలం కారు ఒకటి ఉంది. గుండ్రటి ముక్కు, చక్రాలు సగం దాకా ఇసుకలో, లోపల కోళ్లు. మామ తలుపు తీసి కోళ్లను బయటికి పంపాడు. సీటు మీద రెట్ట తుడిచి కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. మా పక్క ఊరి దొరకు అచ్చం ఇలాంటి కారే ఉండేదట. చిన్నప్పుడు దాన్ని కడిగేది మామే. లోపల కూర్చోనిచ్చేవారు కాదట.

ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ కర్ర పిడి నల్లగా, గుండ్రంగా, అరిగి మెరుస్తూ ఉంది. అది ఆ కారు గేరు రాడ్డు మీది గుండే. కారు ఆగిపోయిన రోజున ఊడదీసి కర్రకు బిగించుకున్నాడట. ఆ వైపు ముసలివాళ్లకు మనతో మాట్లాడేంత హిందీ వచ్చు.

"మిస్త్రీ, యే గాడీ సిక్రాబ్ జాయేగా," అన్నాడు. సిక్రాబ్ అంటే పాత ఇనుము కొట్టు.

"చలేగా తో?" అన్నాడు మామ, నడిస్తేనో అని.

ముసలాయన నవ్వాడు. "చలేగా తో తుమ్హారా."

షెడ్డు గోడలు లేచేలోపు కారు తన చక్రాల మీద బయటికి రావాలి. వస్తే మామది, లేకపోతే సిక్రాబ్‌ది. ఆ గోడలు కట్టవలసినవాడు కూడా మామే.

అంత నిదానంగా ఏ గోడా లేచి ఉండదు. మామ ఒక వరస పెట్టేవాడు, రసమట్టం ఆనించేవాడు, "తప్పింది" అని విప్పేవాడు. ఫోర్‌మన్ వచ్చి అరిస్తే, "ఇసుకల ఉప్పున్నది సార్, గోడ నిలవదు" అనేవాడు. ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించుకుని అంతా చూసేవాడు.

ఆ కారు సామాను ఏ షాపులోనూ దొరకలేదు. అయితే అలాంటి కార్లు ఒకప్పుడు ఆ చుట్టుపక్కల తిరిగాయట. చచ్చిపోయాక తోటల్లో రకరకాల పనులకు కుదురుకున్నాయి. మామ శుక్రవారం పూట నన్ను వెంటేసుకుని తోటతోటా తిరిగేవాడు.

మొదటి తోటలో హెడ్‌లైటు కోళ్ల గూటికి దీపంగా వేలాడుతోంది. ఇంటాయన చాప వేసి కాఫీ పోశాడు, ఖర్జూరాలు పెట్టాడు. మామ వేలు చాపి, "జైన్! వాజిద్ జైన్!" అన్నాడు. ఇంటాయన ముఖం మారింది. దీపాన్ని చూశాడు, మామను చూశాడు, కోళ్లను చూశాడు. లేచి దీపం ఊడదీసి మామ ఒళ్లో పెట్టాడు.

"చూసినవా? తియ్యటి నోరుంటె గిట్లుంటది," అన్నాడు మామ బయటికొచ్చాక.

అలాగే పంపు గది తలుపుకున్న కారు పిడి వచ్చింది. చిన్నపిల్లలు ఆడుకునే స్టీరింగు వచ్చింది. రేడియేటరు ఉన్న తోటలో మామ ఊరికే మర్యాదకు మేకను కూడా జైన్ అన్నాడు. రెండూ ఇచ్చారు. ఏ టాక్సీ వాడూ ఎక్కించుకోలేదు. రేడియేటరు నెత్తి మీద పెట్టుకుని మామ, మేకను లాక్కుంటూ నేను రూమ్ దాకా నడిచాం. ఆ తర్వాత ప్రాణమున్న దేని ముందూ మామ నోరు విప్పలేదు.

ఇంజను పని చూసేది ఒక పాకిస్తానీ ఉస్తాద్. మామ తన తియ్యటి నోటి కథ చెబుతుంటే పానా కింద పెట్టేశాడు.

"మాషా అల్లా బోలా థా?"

"వో క్యా హోతా?" అదేంటన్నాడు మామ.

ఉస్తాద్ తల పట్టుకున్నాడు. ఇక్కడ దేన్ని మెచ్చుకున్నా మాషా అల్లా అనాలట. అంతా దేవుడి దయ అని. అది అనకుండా ఉత్తగా బాగుందంటే దిష్టి. మామ తోటతోటా తిరిగి దిష్టి పెట్టి వచ్చాడు. కోళ్లు, పిల్లలు చల్లగా ఉండాలని వాళ్లు వస్తువులు వదిలించుకున్నారు.

మామ అద్దం ముందు నిలబడి కళ్లు పెద్దవి చేసి చూసుకున్నాడు. "అంటె నాది దిష్టి కన్నారా అల్లుడా?"

మరుసటి శుక్రవారం అన్నీ గోనె సంచుల్లో వేసుకుని తిరిగిచ్చేయడానికి బయల్దేరాం. హెడ్‌లైటు ఆయన గేటు దగ్గరే రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నహీ నహీ! తుమ్హారా, తుమ్హారా!" ఎవరూ ఒక్క నట్టు కూడా తీసుకోలేదు. మేకనిచ్చినాయన మాత్రం మేక ఎలా ఉందని అడిగాడు. మామ పొట్ట నిమురుకుని, "మాషా అల్లా," అన్నాడు. అప్పటికే నేర్చుకున్నాడు.

తలుపుల కింద తుప్పు తిన్న చిల్లులకు మామ సిమెంటు పూశాడు. ఉస్తాద్ మొత్తుకున్నా వినలేదు. పైన నున్నగా రుద్ది రసమట్టం పెట్టాడు. ఇక మిగిలింది గేరు గుండు. దాని బదులు రాడ్డుకు గుడ్డ చుట్టాడు.

"ముసలాయన్ని అడుగు," అన్నాడు ఉస్తాద్.

"నడిచేటోని కర్ర గుంజుకుంటమా?" అన్నాడు మామ.

షెడ్డుకు మూడు పక్కలా గోడలు లేచాయి. నాలుగో పక్క కట్టేయమని ఫోర్‌మన్ చివరి మాట చెప్పాడు. ఆ పూటే ఇంజను దగ్గింది, పొగ కక్కింది, అందుకుంది. కారు ఊగుతూ బయటికొచ్చింది. కుడి తలుపు కిందినుంచి పెచ్చు ఒకటి ఊడిపడింది. మామ ఆపలేదు. ఖర్జూర చెట్ల మధ్య బాట చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి ముసలాయన ముందు ఆపాడు. దిగకుండా కిటికీలోంచి చేయి బయట పెట్టుకుని కూర్చున్నాడు, దొరలాగా.

ముసలాయన చుట్టూ తిరిగాడు. హెడ్‌లైటు తట్టి, "జైన్," అన్నాడు. మామ నవ్వాడు. తలుపు తడిమి, "వాజిద్ జైన్," అన్నాడు. మామ నవ్వు సగమైంది. ముసలాయన సీటు మెచ్చాడు, స్టీరింగు మెచ్చాడు, పొగను కూడా మెచ్చాడు. ఆ ఒక్క మాటా అనడే!

"అనయ్యా, ఆ ముక్క అను," అని మామ తెలుగులో గొణిగాడు. చెమటలు కారిపోతున్నాయి.

ముసలాయన కర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. మామ స్టీరింగును ఒకసారి తడిమాడు. ఇంజను ఆపి, తాళం తీసి, కిటికీలోంచి ఇచ్చేశాడు.

ముసలాయన తాళం జేబులో వేసుకున్నాడు. ఆ పైన కర్ర పిడిని మెల్లగా తిప్పి ఊడదీశాడు. లోపలికి వంగి, మామ చుట్టిన గుడ్డ తీసేసి, గేరు రాడ్డుకు గుండు బిగించాడు. అప్పుడన్నాడు, "మాషా అల్లా." తాళం మామ ఒళ్లో పడింది. ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వారు.

సెలవుకు వెళ్తూ మామ కారును ఆ తోటలోనే ఉంచి తాళం నాకిచ్చాడు. "రోజొకసారి స్టార్ట్ చెయ్యి. బాగున్నవని చెప్పు," అన్నాడు.

కబురు చెప్పడానికి ముసలాయన దగ్గరికి వెళ్లాను. "మామ... ఖలాస్," అన్నాను. ఆయన లేచి వెళ్లి కారులో పక్క సీట్లో కూర్చున్నాడు. పిడి లేని కర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన గేరు గుండు మీద అరచెయ్యి వేసి, "జైన్," అన్నాడు. "వాజిద్ జైన్." అంతటితో ఆగి నా వైపు చూశాడు. నా గుప్పిట్లో తాళం చెమటకు తడిసిపోతోంది. మామను గుర్తు చేసుకుంటున్నాడో, కారు అడుగుతున్నాడో తెలియలేదు.

మీరైతే గుప్పిట విప్పేవారా?