చకారం లేని రాజుగారు

అరవైల చివర్లో మూడు రోజులు నేను చింతపండు గదిలో ఖైదీగా ఉన్నాను. నేరం: నోటి దురద.

శృంగవరపుకోటలో మా మేనత్త కొడుకుది చింతపండు వ్యాపారం. నాకంటే పదేళ్లు పెద్ద, వరసకి బావ. మనిషి అయిదడుగులే గానీ గొంతు విప్పితే గరివిడి దాకా వినబడేది. ఏటా విజయనగరం నాటక పోటీల్లో రాజు వేషం ఆయనదే. ఆ కిందటేడు చివరి రంగంలో, గుండెలో కత్తి దిగబడ్డాక, "చచ్చినా చలించను" అనాలి. మా వైపు నాలుకలకి చకారం మెత్తబడుతుంది కదా, "సచ్చినా సలించను" అన్నాడు. ముందు వరసల్లోని కాలేజీ కుర్రాళ్లు నవ్విన నవ్వుకి పందిరి గుంజలు అంగుళం మేర కదిలాయని నా గట్టి నమ్మకం. బావ నెల రోజులు కొట్టు మీద కూర్చోలేదు.

"మళ్లీ నవ్వితే ఈ ముకానికి రంగెయ్యను. ఒట్టు" అన్నాడు.

ఈసారి కొత్త నాటకం రాసే పని నాకు అప్పగించాడు. అప్పటికి రెండు కథలు అచ్చయిన మహా రచయితను నేను. వాళ్లింట్లో నెల రోజులు కూర్చుని ఒక బండెడు గారెలు తిన్నాను గానీ ఒక్క వాక్యం రాయలేదు. పైగా ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉపన్యాసం ఒకటి.

"కళ పుట్టుకతో రావాలి బావా. నేర్పితే వచ్చేది కాదు. నాలుక తిరగడమూ అంతే."

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. "అంటే నా నాలిక్కి నేర్పినా రాదంటావేటి?"

"రాదు."

"సరే. నీకు పుట్టుకతోనే వొచ్చింది గదా, నా నాలిక్కి తగ్గట్టు రాయి. నాటకంలో సకారం ఉండకూడదు."

"సకారమా, చకారమా?"

"అదేరా, సకారం! రాసినదాకా గొళ్లెం తియ్యను."

గొళ్లెం పడింది. గదిలో సగం వరకూ తూర్పు కనుమలంత చింతపండు. కిటికీ అనే పేరుతో పిడికెడు కన్నం. కాళ్లు చాపితే పులుపు, ముడిస్తే పులుపు, ఊపిరి పీలిస్తే నోరంతా ఊటబావి. కలం పట్టుకుని చుట్టూ చూశాను. చింతపండు. చాప. చేట. చీపురు. చీమలు. నా చెమట. కంటికి ఆనేవన్నీ నిషేధంలో ఉన్నవే!

ఇక మా రాజుగారి అవస్థ. చూడలేడు, చెప్పలేడు, చేయలేడు, చివరికి చావనైనా చావలేడు. అలాంటి రాజుని పెట్టుకుని యుద్ధం ఎలా నడపను? మొదటి రోజు కాగితం మీద నా పేరు రాశాను. రెండో రోజు దాని కింద గీత గీశాను. పుట్టుకతో వచ్చిన కళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది; గొళ్లెం బయట ఉంది కదా. అత్తయ్య కన్నంలోంచి ఇడ్లీ అందిస్తూ, "రాసినావేటిరా?" అనేది. తలుపు మీద బాదితే చీమలు తప్ప ఎవరూ పలకలేదు.

మూడో రోజు పొద్దున్న తలుపవతల బావ గొంతు వినబడింది. "సెంబు... సెంబు... చె... చెంబు."

నీళ్లడుగుతున్నాడనుకుని, "నాకూ ఓ చెంబుడు!" అని అరిచాను. గొంతు ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి దూరంగా, దొంగలా మళ్లీ మొదలు. "సేట... చేట. సాప... చాప." లక్షసార్లు అనుంటాడు. నలభై దగ్గర పడుతున్న మనిషి, మూటల మధ్య నిలబడి, పలక పట్టిన పిల్లాడిలా. నాకు సిగ్గేసింది. సిగ్గుతో ఒక చెత్త వాక్యం రాశాను. దాని పక్కన ఇంకోటి. సాయంత్రానికి నాటకం పూర్తయింది. కానీ ఆయనకి చకారం వస్తుందని మాత్రం నమ్మలేదు. చ తీసేసిన చోటల్లా స దంచాను: సభ, సింహాసనం, సేనాపతి, సోదరుడు. గొళ్లెం తీసిన బావ నాటకం అందుకుని గుట్టుగా నవ్వాడే తప్ప, తన సాధన సంగతి ఎత్తలేదు.

పోటీ రోజు సాయంత్రం తెర లేచింది. నేను పక్క తెర వెనక, నాటకం ప్రతి పట్టుకుని ఇరుక్కుని ఉన్నాను. బావ ఛాతీ విరిచి, తిప్పి తిప్పి అరగదీసిన నాలుకతో అందుకున్నాడు.

"చభాచదులారా! నా చింహాచనం..."

పందిరి ఘొల్లుమంది. బావ నా వైపు చూశాడు. పారిపోదామంటే తెర తాడు నా కాలికి చుట్టుకుని ఉంది. నవ్వులోనే రంగాలు దొర్లిపోయాయి. చివర్లో కత్తి దిగింది. నా ప్రతిలో "సెలవు, సోదరా" అని ఉంది. ఆయన అది అనలేదు. కిరీటం తీసి కింద పెట్టాడు.

"నవ్వండి. నాను సచ్చిపోతన్నాను. సచ్చిపోయేవోడు ఎలాగ మాటాడతాడో మీలో ఎవులికైనా తెలుసేటి?"

కుర్రాళ్ల నవ్వు సగంలో తెగిపోయింది. బావ నెమ్మదిగా ఒరిగాడు. పందిట్లో చీమ తుమ్మినా వినబడేది.

బహుమతి వేరే ఊరికి పోయింది. ఆ మాట రాసినందుకు మాత్రం నన్ను అందరూ మెచ్చుకున్నారు. ఇప్పటికీ అలాంటిది ఇంకోటి రాయమంటారు. నాకింకా తట్టలేదు.

తెర వెనక బావ కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటూ అడిగాడు. "ఏటిరా, నీ మాటలు తప్పు సెప్పీసినానా?"

"లేదు బావా" అన్నాను. "బాగా సెప్పినావు."

వచ్చే ఏటికి రంగు కొనాలేమోనని ఆయన డబ్బా అడుగు గోకి చూసుకుంటున్నాడు.