ప్రసాదం పెట్టిన శుక్రవారం

ఎనభై ఆరు ఫిబ్రవరిలో మూడో శుక్రవారం, పొద్దున ఏడున్నర. నా భార్య ముత్తమ్మకు జరగవలసిన కరెంటు వైద్యాన్ని నా చేతులారా చెడగొట్టిన గడియ అది. నిన్న పక్కింటివాళ్లు భద్రాచలం నుంచి చక్కెర పొంగలి తెచ్చి నా అరచేతిలో పెట్టారు. పచ్చకర్పూరం వాసన తగలగానే ఆనాటి నర్సు మేరీ సిస్టర్ గొంతు వినబడింది. ఇన్నేళ్లయినా ఆ గొంతులో విసుగు తగ్గలేదు.

రెండో కాన్పు తరువాత ముత్తమ్మ కొయ్యబారిపోయింది. చెయ్యి ఎత్తి పెడితే ఎత్తినట్టే ఉండేది. పలకదు, తినదు, బిడ్డ ఏడ్చినా చూడదు. చర్ల పక్క మా ఊళ్లో తాయెత్తులన్నీ అయినాక, ఎముకల గూడును మోసుకొచ్చినట్టు ఖమ్మం దవాఖానాకు తెచ్చాను. మత్తుమందు ఇచ్చి, కణతల దగ్గర కొన్ని సెకన్లు కరెంటు పెడతామని, ఆలస్యమైతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. పరగడుపున ఉంచమన్నది నర్సు మేరీ సిస్టర్. ఆమెది సత్తుపల్లి వైపు, మాట కరుకు.

ఉత్తకడుపుతో కరెంటుకు తట్టుకోదని మంగళవారం మా అత్త రెండు గుక్కల జొన్న గటక జావలా కలిపి పోసింది. ఆ రోజు వైద్యం ఆగిపోయింది. శుక్రవారం అత్తకు నేనే కాపలా కూర్చున్నాను. కూర్చుని, ఊరివాళ్లు భద్రాచలం నుంచి తెచ్చిచ్చిన రాముడి పొంగలి చిటికెడు ముత్తమ్మ నోట్లో నేనే పెట్టాను. చిత్రం, మింగింది.

“ఏమన్నా తిన్నదా?” అన్నది సిస్టర్.

“ఏం లేదు సిస్టరమ్మా. ప్రసాదం పెట్టిన, గంతే.”

సూది పట్టిన చెయ్యి ఆగిపోయింది. “ప్రసాదం తిండి కాదా?”

“దేవునిది గదమ్మా, తిండెట్లయితది?”

“దేవుడిదైతే కడుపులోకి కాక ఎటు పోద్దయ్యా? మత్తులో అది పైకి తన్ని ఊపిరికి అడ్డంపడితే మీ రాముడొచ్చి తీస్తాడా? గోడమీద ఇంత లావున రాశాం, కళ్లు లేవా?”

“కండ్లున్నయి. సదువే లేదు.”

“నన్ను దొంగను కాసినట్టు కాసిండు, సూడుర్రి!” అన్నది అత్త.

డాక్టరు వైద్యాన్ని సోమవారానికి వాయిదా వేశాడు. ఆ మూడు రోజులూ ముత్తమ్మ ప్రాణం సెలైన్ సీసా మీదే నిలిచింది. సిస్టర్ నన్ను ఆ గోడమీది బోర్డు ముందు నిలబెట్టి, వచ్చినప్పుడల్లా ఒక్కో అక్షరం చూపించి తిట్టింది. ముప్పై అయిదేళ్ల వయసులో నేను మొదట చదివింది “ఏమీ తినరాదు” అనే మాట.

సోమవారం వైద్యం జరిగింది. కాలివేళ్లు కాసేపు వణికాయి, అంతే. అయిదోసారి తరువాత ముత్తమ్మ నీళ్లడిగింది, బిడ్డను ఎత్తుకున్నది. కాని కాన్పు, దవాఖానాకు వచ్చిన దారి ఏవీ గుర్తులేవు. నేను మండిపడ్డాను.

“మనిషి దక్కింది. మిగతాది నువ్వు చెప్పు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పు,” అన్నది సిస్టర్.

ఇప్పటికీ ఏ కాగితమైనా ఆసాంతం చదవనిదే సంతకం పెట్టను. నా పిల్లలకు అదొక చిరాకు. కొన్ని సంగతులు తిరిగి గుర్తుకొచ్చాయి గాని, ఆ శుక్రవారం మాత్రం ముత్తమ్మకు ఎన్నటికీ గుర్తు రాలేదు. నిన్న పొంగలి తింటూ మళ్లీ అడిగింది, “ఆ దినం ఎవరెవరుండిరి?” అని. మళ్లీ చెప్పాను: డాక్టరు, మేరీ సిస్టర్, మీ అమ్మ రాజమ్మ, ఆమె ఒళ్లో పసిగుడ్డు మన సీత, మంచం మీద నువ్వు, నీ నోట్లో ప్రసాదం పెట్టిన నేను.